కళ్ళకద్దుకున్న రాళ్ళు

రోజు 112

నేను రాసేదాన్ని కాదు. రాయి సంఖ్య, బరువు, ఏ గుంతలో దొరికింది, ఎవరు తవ్వారు: ఈ నాలుగూ రాళ్ళగది రిజిస్టరులో ఎక్కించడమే నాకు తెలిసిన రాత. ఇరవై రెండేళ్ళుగా అదే రాస్తున్నాను. పదో తరగతితో నా చదువు ఆగింది.

ఈవేళ కాగితం ముందు కూర్చోవడానికి కారణం ఒకటే. ఒక మాట నోటితో నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ సగం చెప్పేసరికి మిగతా సగం ఎదుటివాళ్ళే పూర్తిచేశారు, అది కూడా తప్పుగా. గొంతు పెంచడం నాకు చేతకాదు. మా అమ్మ నన్ను అలా పెంచలేదు. కాగితమైతే మధ్యలో అడ్డురాదు కదా అని మొదలుపెట్టాను. విత్తనాల సంచుల మీది కాగితాల వెనకవైపు రాస్తున్నాను. మంచి కాగితం ఫారాలకే సరిపోదు ఇక్కడ.

సంగతి ఇది. మా పరిశోధకురాలు డాక్టర్ ఇందుమతి గారు రెండో గుంత రాళ్ళలో మాంసకృత్తుల ముక్కలు కనిపెట్టారు. బతికున్న ఒంట్లో ఉండేలాంటివి. అవి బయటినుంచి అంటినవి కావు, రాయితోపాటే పుట్టినవి అని ఆవిడ లెక్క. అదే నిజమైతే భూమి మీది వాళ్ళ నిబంధన ప్రకారం, జీవం జాడ చెడిపోకుండా, ఆ గుంతని వెంటనే మూసెయ్యాలి. నలభై ఏళ్ళు ఎవరూ తవ్వకూడదు. 140వ రోజున ఆవిడ నివేదిక భూమికి వెళ్తుంది. మర్నాడు గుంతకి మూత.

మొదటి గుంత నిరుడే అయిపోయింది. రెండో గుంత రాయిని కాచి తీసిన ఉప్పే మా మడులకి ఎరువు. అది లేకపోతే ఉన్న నిల్వ ఏడు నెలలు వస్తుంది. తర్వాత ఆకాశంలో సూర్యుడి చుట్టూ తిరిగే ఈ బండలో ఉంటున్న అరవై మూడు మందిమీ మూటలు కట్టుకోవాలి. ఆవిడ దాన్ని 'తాత్కాలిక తరలింపు' అంటున్నారు. నలభై ఏళ్ళు తాత్కాలికం ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు.

నేను చెప్పబోయిన మాట చాలా చిన్నది. ఆ ముక్కలు కొత్తగా దొరికినవి కావు. పాత రిజిస్టర్లలోనూ ఉన్నాయి. అప్పట్లో వాటి పక్కన 'చేతి మురికి' అని రాసి కొట్టేసేవారు. వాటి నైట్రోజన్ అంకె ఈ ఊరు పెట్టిన అయిదో ఏట నలభై నాలుగు. తొమ్మిదో ఏట తొంభై ఆరు. పద్నాలుగో ఏట నూట నలభై తొమ్మిది. ఈ ఏడు నూట ఎనభై నాలుగు. రాయి ఇరవై ఏళ్ళలో మారదు కదా. మరి అంకె ఎందుకు పెరుగుతోంది?

"పాత యంత్రం మంచిది కాదండీ," అన్నారు ఇందుమతి గారు, నేను 'తొమ్మిదో ఏట' అనగానే.

రోజు 114

పొద్దున్న స్నానం, పూజ, ఆ తర్వాత రాళ్ళగది. బరువు దాదాపు లేని చోటు గనక ఇక్కడ చీపురు పనికిరాదు. దుమ్ము కిందికి దిగదు, లేచిన చోటే తేలుతుంది. నడుముకి పట్టీ కట్టుకుని, తడిగుడ్డతో ఒక్కొక్క పెట్టెనీ తుడుచుకుంటూ వెళ్ళాలి. మొత్తం పదమూడు వందల పన్నెండు పెట్టెలు. అన్నీ తుడిచేసరికి పదిరోజులు పడుతుంది, మళ్ళీ మొదటినుంచీ మొదలు.

ఇందుమతి గారు ఎనిమిది నెలల కిందట వచ్చారు. కొత్తలో, నాతో తీరిగ్గా మాట్లాడే రోజుల్లో, ఈ అంకెల సంగతి ఆవిడే చెప్పారు. నైట్రోజన్‌లో తేలికది ఒకటి, బరువైనది ఒకటి ఉంటాయి. కార్బన్‌లోనూ అంతే. అవి ఎక్కడ పుట్టాయో దాన్నిబట్టి వాటి పాళ్ళు మారతాయి. భూమి మీది గాలిని సున్నా అనుకుంటే సూర్యుడు సున్నాకి చాలా కింద. మా బండ సున్నాకి నూట ఎనభై పైన. సూర్యుడు వెలగక ముందు ఉన్న చల్లని మబ్బులో బరువు నైట్రోజన్ మంచు రేణువులకి పట్టుకుని, అలాగే ఈ రాయిలోకి వచ్చిందట. కొన్ని రేణువులైతే అంతకు ముందే ఆరిపోయిన నక్షత్రాల బూడిదట. బూడిద అనగానే నాకు విభూతి తోచింది. పైకి అనలేదు.

కార్బన్‌తో ఇక్కడ తేల్చడం కష్టమట. రాయిలోనూ మనిషిలోనూ దాని పాళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకని తగవొస్తే నైట్రోజన్‌నే సాక్ష్యం అడుగుతారు. పుస్తకంలో ఉన్న సూత్రం చాలా తేలిక: బరువుగా ఉంటే రాయిది, తేలిగ్గా ఉంటే మనిషి చేతిది.

ముక్కలు ఎడమవాటానివా, కుడివాటానివా చూసి బతికిన ఒంటివో కావో తేల్చే ఇంకో యంత్రం కూడా ఉంది. దానికి కావలసిన విడిభాగం వచ్చే ఓడలో వస్తుందని పదకొండు నెలలుగా వింటున్నాను. ఈలోగా రెండు ఓడలు వచ్చి వెళ్ళాయి.

రోజు 115

కొత్త రాళ్ళు తీసుకోవడానికి, గుంతలోంచి లోపలికి వచ్చే దారిలో ఉన్న గాలిగదికి వెళ్ళాను. మామూలుగా పెట్టెలు నా గది గుమ్మం దగ్గరికే వస్తాయి. ఈవేళ బండి తాడు తెగిందని కబురొస్తే నేనే వెళ్ళాను.

పైడిరాజు అప్పుడే గుంతలోంచి వచ్చాడు. తలమీది గాజుటోపీ తీశాడు, మందపాటి తొడుగులు విప్పాడు. పెట్టె గొళ్ళేలు ఆ తొడుగులతో పడవు మరి. సంచిలోంచి నిమ్మకాయంత రాయి తీసి కుడికంటికి ఒకసారి, ఎడమకంటికి ఒకసారి అద్దుకున్నాడు. తర్వాత నుదుటికి ఆనించాడు. అప్పుడు పెట్టెలో పెట్టి గొళ్ళెం వేశాడు. ఇంకో రాయి తీశాడు. మళ్ళీ అంతే.

నేను గోడతాడు పట్టుకుని దగ్గరికి జరిగాను.

"ఏటి పిన్నీ, అలగ సూస్తన్నావు?" అన్నాడు.

"ప్రతి రాయికీ ఇలాగే చేస్తావా?"

"మరి? పంతొమ్మిదేళ్ళ బట్టీ."

"నీతో తవ్వే మిగతా ముగ్గురూ?"

"ఆళ్ళు కూడానూ. నానే నేర్పినాను. నాకు నువ్వు నేర్పినావు, ఆళ్ళకి నాను నేర్పినాను."

నిజమే. నేనే. పంతొమ్మిదేళ్ళ వయసులో వచ్చాడు పైడిరాజు. మొదటిరోజు ఒక రాయి గాల్లో తేలుతూ వస్తే కాలితో తన్ని నా వైపు పంపాడు. నాకు ప్రాణం చివుక్కుమంది. "సూర్యుడికన్నా ముందు పుట్టింది నాయనా ఇది. కాలు తగలనివ్వకు. తగిలితే కళ్ళకద్దుకో," అన్నాను. తగిలితే అన్నాను నేను. అతను ప్రతిదానికీ అనుకున్నాడు. నేను గది దాటి ఎప్పుడూ రాలేదు గనక చూడలేదు.

"ఇకమీదట అద్దుకోకు," అన్నాను.

"ఎందుకేటి?"

"కంటి తడి, నుదుటి చెమట రాయికి అంటుకుంటుంది."

"నా సెవటకి ఆ రాయి కరిగిపోద్దేటి పిన్నీ? నువ్వు ఈమజ్జిన డాట్రమ్మ నాగ మాటాడతన్నావు," అని నవ్వి, మూడో రాయి కూడా కళ్ళకద్దుకున్నాడు, నేను చూస్తూ ఉండగానే.

రోజు 116

ఇందుమతి గారితో చెప్పాను. ఇది అయిదోసారి.

"అమ్మా, తవ్వేవాళ్ళు రాళ్ళని కళ్ళకద్దుకుని..."

"పెట్టెలో పెడతారు. తెలుసు, మొదటివారమే చూశాను. మనుషులు తాకుతారని తెలిసే కదండీ పరీక్ష చేసింది. ఇదిగో." కాగితం చూపించారు. "చేతిని గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని యంత్రంలో పెట్టాను. నైట్రోజన్ పదకొండు. చేతి మురికైతే పదకొండు ఉండాలి. ఈ ముక్కలు నూట ఎనభై నాలుగు. పదకొండెక్కడ, నూట ఎనభై నాలుగెక్కడ?"

నేను ఆ కాగితం తీసుకుని అంకెని మళ్ళీ చదివాను. ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు. పరీక్ష నిజంగానే చేశారు. అంకె కూడా నిజమే.

"పేరిందేవి గారూ, మీ బాధ నాకు అర్థమవుతోంది," అన్నారు మెత్తగా. "ఊరు వదలాలంటే కష్టమే. కానీ ఇది ఎంత పెద్ద విషయమో చూడండి. సూర్యుడు పుట్టిన రోజుల్లోనే ఇవి తయారయ్యాయంటే..."

నా బాధ అది కాదు అనబోయాను. అదీ కొంత ఉంది గనక మానేశాను. బయటికి వచ్చాక, అంకె తప్పు కాకుండా లెక్క ఎలా తప్పిందా అని నాలుగు వరసల పెట్టెలు తుడిచాను. ఒక పెట్టెని రెండుసార్లు తుడిచాను.

రోజు 117

ఊరి సభవాళ్ళని కలిశాను. అర్జీ ఫారం నింపమన్నారు. ఫారం అయిపోయిందన్నారు. ఫారం కోసం ఇంకో ఫారం ఉందన్నారు.

రోజు 119

వంటగదిలో మధ్యాహ్నం వడ్డన మాది ఈ వారం. వంటగదీ మడులూ ఉన్నది బరువు తెలిసేలా గిర్రున తిరిగే చక్రంలో; ఆ మడులు మా ఆయన వీరభద్రం గారు చూస్తారు. కోసిన తోటకూర తనే మోసుకొచ్చారు.

"ఇది చూడు, ఎంత లేతగా ఉందో," అన్నారు. "ఆ డాక్టరమ్మ మాత్రం ముట్టుకోదు. రాయి వాసనొస్తుందంట."

"ఆవిడకి కడుపులో పడదండీ. కిందనుంచి తెచ్చుకున్న పొట్లాలే తింటారు."

"ఎనిమిది నెల్లుగా పొట్లాలేనా? పాపం, మనూరొచ్చి మన కూర రుచి చూడకుండా మన గుంత మూయిస్తదన్నమాట. అంతేలే. తిన్న మనిషైతే చెయ్యాడదు."

ఆయన ఎప్పుడూ అనే ధోరణిలోనే అన్నారు. నేను గరిటె పట్టుకుని ఆగిపోయాను. వంటగది గోడమీద ఒక పలక ఉంది, అందరికీ తెలిసిందే. ఏటేటా 'సొంత తిండి' ఎంతో దానిమీద రాస్తారు. మొదట్లో అంతా భూమి నుంచి వచ్చిన పొట్లాలే. అయిదో ఏట పది ముద్దల్లో రెండు మనవి. తొమ్మిదో ఏట అయిదు. పద్నాలుగో ఏట ఎనిమిది. ఇప్పుడు పదికి పదీ. పదీ నిండిన ఏడాది మా ఆయన అందరికీ పాయసం పోయించారు.

నా రిజిస్టరులోని అంకెలు కూడా ఇలాగే ఎక్కాయి. అదే వరసలో, అవే ఏళ్ళలో.

మడుల్లో మొక్క తాగేది రాతి ఉప్పు. మేము తినేది ఆ మొక్కనే. మా గోళ్ళూ చర్మమూ చెమటా కన్నీళ్ళూ ఆ తిండిలోంచే వస్తాయి. రాయి నైట్రోజన్ బరువైతే మాదీ బరువే అవ్వాలి కదా. పుస్తకం రాసినవాళ్ళు భూమి మీది అన్నం తిన్నవాళ్ళు. మనిషి చెయ్యి అంటే వాళ్ళకి తేలిక చెయ్యే.

"పులుసు మాడుతోంది," అన్నారు మా ఆయన.

మాడింది. ఊళ్ళోవాళ్ళం అరవై మూడు మందిమీ మాడిన పులుసే తిన్నాం, మిగతా అరవై రెండు మందీ ఆ మాట నాతో అన్నారు.

రోజు 120

ఆరోసారి.

ఇందుమతి గారు భోజనం చేస్తున్నారు. పొట్లం ఉప్మా. నేను పక్కన నిలబడి, "అమ్మా, ఆరోజు పరీక్షకి గుడ్డతో తుడిచిన చెయ్యి ఎవరిది?" అని అడిగాను.

"నాదే. ఏం?"

"మీరు ఇక్కడి కూడు తినరు కదా."

ఆవిడ చెంచా కింద పెట్టారు. "ఇప్పుడు మళ్ళీ నా తిండి సంగతా? మీ ఆయన కూడా నిన్న ఇదే మాట. నాకు పడదండీ. తోటకూర తినకపోతే నేను ఈ ఊరికి శత్రువునా?"

"అది కాదమ్మా. మీ చెయ్యి తేలిక చెయ్యి. పైడిరాజు చెయ్యి..."

"పైడిరాజు పెద్ద బరువులు ఎత్తుతాడు, నేను ఎత్తలేను, ఒప్పుకున్నాను. మొన్న పెట్టె జారవిడిచానని ఇంకెన్నాళ్ళు దెప్పుతారు?"

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. దుఃఖం కాదు. ఇంత చిన్న మాట ఒక మనిషి చెవిలోంచి లోపలికి వెళ్ళడానికి ఇన్ని అడ్డాలేమిటని ఒళ్ళు మండింది. ఆవిడ నా మొహం చూసి, "అయ్యో, కూర్చోండి," అని తన నీళ్ళు నాకిచ్చారు. ఆ మంచితనం నన్ను ఇంకా విసిగించింది. నేను నోరు తెరిచేలోపు గంట మోగింది, ఆవిడ యంత్రం దగ్గరికి వెళ్ళిపోయారు.

రోజు 122

పదిరోజులకోసారి యంత్రంలో, అంకెలు పోల్చి చూసుకోవడానికి, ఒక పోలిక గిన్నె పెట్టే హక్కు రాళ్ళగది మనిషిదే. అందులో ఏం పెట్టాలో నా ఇష్టం. నియమావళిలో ఉంది. ఎప్పుడూ ఖాళీ గిన్నె పెట్టేదాన్ని. ఈసారి ఖాళీది పెట్టదలచుకోలేదు. నిన్ననే పెట్టాల్సింది కానీ నిన్న మంగళవారం. మంగళవారం నేను గోళ్ళు తియ్యను. ఊరు మునిగిపోతున్నా తియ్యవా అని మా ఆయన అడిగారు. తియ్యనన్నాను.

దొంగతనంగా చెయ్యలేదు. రిజిస్టరులో స్పష్టంగా రాశాను: ఒకటి, గోరు, పేరిందేవి. రెండు, గోరు, పైడిరాజు. అతని దగ్గర గోరు అడిగితే, "ఏటి పిన్నీ, నా మీద సేతబడేటైనా సేయిస్తన్నావా," అని పదిమందిలో అన్నాడు. అంతా నవ్వారు. ఇచ్చాడు మాత్రం.

యంత్రం ఒప్పుకోలేదు. గుంత సంఖ్య అడిగింది. గుంత లేదని రాస్తే వెనక్కి కొట్టింది. దొరికిన చోటు అడిగింది. 'కుడిచేతి బొటనవేలు' అని రాశాను. వెనక్కి కొట్టింది. తవ్విన మనిషి పేరు తప్పనిసరి అంది. నా పేరు రాశాను. లోతు ఎన్ని అడుగులంది. గంటన్నర గడిచింది. చివరికి 'ఇతరములు' అనే గడి అట్టడుగున దొరికింది. ఎవరు పెట్టారో గానీ ఆ గడి పెట్టిన మనిషి చల్లగా ఉండాలి.

రోజు 124

నాది నూట ఎనభై నాలుగు. పైడిరాజుది నూట ఎనభై అయిదు.

కాగితం నేను ఇవ్వలేదు. అంకెలు నేరుగా ఇందుమతి గారి తెరమీదికే వెళ్తాయి. ఆవిడ రాళ్ళగదికి వచ్చి, గుమ్మం దగ్గరి తాడు పట్టుకుని తేలుతూ అడిగారు.

"ఇవి గోళ్ళా?"

"అవునమ్మా."

"ఇక్కడి తిండి." ఆ మాట నాతో అనలేదు, తనలో తను అనుకున్నారు. "ఇరవై ఏళ్ళుగా. దేవుడా, నేను నా చెయ్యి పెట్టాను." తర్వాత నా వైపు తిరిగి, "ఇది నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"ఆరుసార్లు చెప్పానమ్మా," అన్నాను.

"ఏమన్నారు?" అన్నారు. అప్పటికే ఆవిడ ధ్యాస ఎక్కడో ఉంది.

పాత రిజిస్టర్లు అయిదూ తెరిచి పెట్టాను. పక్కనే వంటగది పలక అంకెలు కాగితం మీద రాసిపెట్టాను. ఆవిడ వేలు పెట్టి ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళారు. పద్నాలుగో ఏడు దగ్గర వేలు ఆగింది. ఎనిమిది నెలల కష్టం ఆవిడది. రోజుకి పద్నాలుగు గంటలు పనిచెయ్యడం నేను చూశాను. ఆ వేలు ఆగిన తీరు చూస్తే నా విసుగంతా నాకే తప్పుగా అనిపించింది.

కానీ ఆవిడ మనిషి గట్టిది. "దీనివల్ల ఆ ముక్కలు మనుషులవి కావచ్చని తేలింది. మనుషులవేనని తేలలేదు," అన్నారు. "పెద్ద రాయి కావాలి. ఎవరూ వట్టి చేత్తో తాకనిది, కళ్ళకద్దుకోనిది. దాన్ని కోసి గుండెకాయలోంచి పొడి తీస్తాను. అందులోనూ ముక్కలుంటే గుంత మూతే. సరేనా?"

సరే అన్నాను. మొదటిసారి ఆవిడ నన్ను సరేనా అని అడిగారు.

రోజు 126

పైడిరాజుని ఒప్పించడం ఇందుమతి గారిని ఒప్పించడంకన్నా కష్టమైంది.

"దండం ఎట్టకుండా రాయి డబ్బాలో ఎలగ ఎడతాన్ పిన్నీ? సెయ్యి రాదు."

"ఈ ఒక్కదానికీ మనసులో పెట్టుకో."

"మనసులో ఎడితే రాయికి తెలస్తాదేటి?"

"రాయికి తెలియదు. దేవుడికి తెలుస్తుంది."

"ఆయనికి తెలిస్తే మరి ఇన్నాళ్ళూ కళ్ళకెందుకు అద్దించినావు?"

"నా కోసం చెయ్యి నాయనా," అన్నాను. అది బలవంతం చెయ్యడమే. నాకు తెలుసు.

గాలిగదిలో నేను దగ్గరుండి చూశాను. కుంచమంత రాయి. కొత్త సంచిలోనే ఉంచి, పట్టకారుతో పెట్టెలో దింపాడు. గొళ్ళెం వేసేదాకా ఊపిరి బిగపట్టాడు. తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండూ చంకల్లో దాచుకుని నిలబడ్డాడు. "ఏటో ఎలితిగా ఉంది పిన్నీ," అన్నాడు. నన్ను పలకరించకుండా వెళ్ళిపోయాడు.

రోజు 133

కోత రంపం పళ్ళు అరిగాయని మూడురోజులు, యంత్రం వేడెక్కిందని రెండురోజులు. అడిగినప్పుడల్లా "రేపండీ" అన్నారు. ఈ ఊళ్ళో రేపు అనే మాటని నిషేధించాలి.

ఈవేళ తేలింది. రాయి గుండెకాయలో ఆ ముక్కలు లేవు. నల్లటి కార్బన్ ఉంది, బరువు నైట్రోజన్ ఉంది, నక్షత్రాల బూడిదా ఉంది. మాంసకృత్తుల ముక్క మాత్రం ఒక్కటీ లేదు. పాత పెట్టెల్లో పెద్ద రాళ్ళు రెండు తీసి చూశారు. వాటి పైపొరలో ముక్కలు దండిగా ఉన్నాయి, లోపల లేవు.

గుంత మూతపడదు. మా ఆయనకి చెప్తే, "అయితే పాలకూర విత్తెయ్యనా?" అని అడిగారు. విత్తెయ్యండి అన్నాను. చేతులు కడుక్కోకుండానే వెళ్ళిపోయారు.

రోజు 136

నివేదిక రాస్తున్నప్పుడు ఇందుమతి గారు నన్ను పిలిచారు. ఊరు నిలిచిందని సంతోషపడాల్సిన రోజు. సంతోషంగానే వెళ్ళాను.

రాళ్ళగదిలో ఉన్న పదమూడు వందల పైచిలుకు రాళ్ళలో ఆ ఒక్కటి తప్ప అన్నీ తాకినవే. చిన్న రాళ్ళకి లోపలిదాకా పీల్చుకునే గుల్లతనం ఉంది. పైనా లోపలా అనే తేడా వాటికి లేదు. వాటిమీద ఇలాంటి పరిశోధన ఇక ఎప్పటికీ చెయ్యలేరు. పెట్టె పెట్టెకీ 'తాకినది' అని చీటీ అంటించాలి. ఆ పని రాళ్ళగది మనిషిదే.

"కారణం ఏమని రాస్తారమ్మా?" అని అడిగాను.

"నాలుగు గడులున్నాయి. గాలి, పెట్టె, తొడుగు, యంత్రం."

"నేను ఉన్నానమ్మా. నేనే నేర్పాను వాళ్ళకి."

"మీరు అనే గడి లేదండీ."

"ఇతరములు లేదా?"

"ఈ ఫారంలో లేదు." కలం కింద పెట్టి, ఈసారి నా మాట అంతా అయ్యేదాకా ఆగి, అప్పుడు చెప్పారు. "వాళ్ళు కళ్ళకద్దుకున్నారని రాశాననుకోండి. నలుగురు తవ్వేవాళ్ళనీ మార్చేస్తారు. మిమ్మల్నీ. కొత్తవాళ్ళు వస్తారు. ఎవరికేం లాభం? తొడుగు పద్ధతిలో లోపం అని రాస్తాను. ఇకనుంచి పలచటి తొడుగు, పట్టకారు. రాళ్ళ గురించి నిజమంతా ఉంటుంది. మనుషుల గురించి కొంచెం తక్కువ ఉంటుంది."

తొడుగుల తప్పేం లేదమ్మా అన్నాను. తెలుసండీ అన్నారు. ఇంకోసారి అన్నాను. ఇంకోసారి తెలుసన్నారు. ఆవిడ విననప్పుడు ఒక బాధ, విన్నాక ఇది. ఊరుకున్నాను. ఊరుకోవడం ఒప్పుకోవడమే. ఆ సంగతి నేనూ పైవాడూ తేల్చుకోవాలి.

రోజు 138

రెండురోజుల్లో రెండువందల నలభై చీటీలు అంటించాను. బంక సరిగ్గా పట్టడం లేదు, ఒకటి అంటిస్తే ముందుది ఊడి తేలుతోంది.

ఈవేళ పైడిరాజు గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. చీటీలు చూశాడు. అతను పెద్దగా చదువుకోలేదు గానీ ఆ ఒక్క మాట చదవగలడు.

"ఏటి పిన్నీ ఇయ్యి? ఎవులు తాకినారు?"

"కొత్త నియమం నాయనా. పాత రాళ్ళన్నిటికీ వేస్తున్నారు."

"మరి ఆటికేటైనా అయినాదేటి?"

"ఏమీ కాలేదు. బాగానే ఉన్నాయి."

అతను నమ్మాడు. నా నోటినుంచి వచ్చింది గనక నమ్మాడు. పంతొమ్మిదేళ్ళలో అతనితో నేను ఆడిన మొదటి అబద్ధం అది. చీటీ పట్టుకో అంటే గంటసేపు పక్కనే ఉండి బంక రాసిచ్చాడు. తను తెచ్చిన రాళ్ళని సంఖ్యతో సహా గుర్తుపట్టాడు. ఇది వరదలా దుమ్ము లేచిన రోజున తెచ్చింది, ఇది తన పెళ్ళయిన మర్నాడు తెచ్చింది అని చెప్తూ వచ్చాడు. ప్రతిదాని మీదా చీటీ అంటించాను.

నా తర్వాత రాళ్ళగదికి వచ్చే అమ్మాయీ, ఈ కాగితాలు నీకే. రిజిస్టరులో తొడుగుల లోపం అని ఉంటుంది. అది నిజం కాదు. ఏం జరిగిందో ఎక్కడో ఒకచోట సరిగ్గా ఉండాలని రాశాను. అయిదో రిజిస్టరు అట్ట లోపల పెడుతున్నాను, చదివి మళ్ళీ అక్కడే పెట్టు. పారెయ్యకు. ఎవరికీ చూపించకు, ఇందుమతి గారికైనా సరే, మా ఆయనకైనా సరే. తవ్వేవాళ్ళకి అసలే వద్దు. పైడిరాజు తాను పంతొమ్మిదేళ్ళు ప్రతి రాయికీ మర్యాద చేశానని అనుకుంటున్నాడు. నిజంగానే చేశాడు.